లొద్ది గట్టు

శివమ్మ రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు వెంచర్ కంచె దగ్గర నిలబడి, లోపలికి చూస్తూ "ఉన్న" అని అరిచేది. కాసేపు ఆగి మళ్లీ "ఉన్న" అనేది. కంచెకు అవతల మనిషన్నవాడు ఉండడు. బడిలో నా తరగతి కిటికీ సరిగ్గా అటువైపే ఉండటం వల్ల ఈ తతంగమంతా నాకు రోజూ కనిపించేది. మొదటి వారం ఎవరినో పిలుస్తోందనుకున్నాను. రెండో వారం పిల్లల్ని అడిగితే, "ఆమె గట్లనే అంటది టీచర్, తాత సచ్చిపోయినకాంచి" అన్నారు. అడిగినందుకు నాకే సిగ్గేసింది. అప్పటికి నేను ఆమె ఇంట్లో కిరాయికి దిగి ఎనిమిది రోజులైంది.

నా పేరు సునీల. తెలుగు పంతులమ్మని. షాద్‌నగర్‌లో పదకొండేళ్లు చెప్పి, బదిలీ మీద మంఖాల్ అవతల ఉన్న ఈ ఊరి హైస్కూలుకు వచ్చాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఎస్తేరమ్మ చర్చిలో అందరికీ చెప్పుకునేది. ఆమె పోయాక ఆ మాట అనేవాళ్లు కూడా లేరు. మా ఆయన ఆరేళ్ల కిందట వేరే కాపురం పెట్టుకున్నాడు. సాయంత్రం నేను గదికి చేరానో లేదో కనుక్కునే మనిషి నాకు లేదు. జాలి కోసం చెప్పడం లేదు. శివమ్మ చెప్పిన మాట నాకెందుకంత గట్టిగా తగిలిందో తెలియాలంటే ఇది కూడా తెలియాలి.

నాకు ఒక పిచ్చి ఉంది. ఈ చుట్టుపక్కల వాడుకలోంచి జారిపోతున్న మాటలను నోటుబుక్కులో రాసుకుంటాను. పక్కన నిఘంటువు అర్థం, కింద జనం వాడే తీరు. నిఘంటువులు చేసినవాళ్ల మీద గౌరవమే గానీ కొన్నిచోట్ల ఒళ్లు మండుతుంది. "లొద్ది" అన్న మాట దగ్గర నా దగ్గరున్న పుస్తకం "చెట్లు గుబురుగా ఉన్న లోయ" అని రాసి చేతులు దులుపుకుంది. ఎంత లోతు, ఎవరు దిగుతారు, ఎందుకు దిగుతారు, ఏమీ లేదు. ఆ పేజీ చూసినప్పుడల్లా సగం తిని లేచిపోయిన విస్తరి గుర్తొచ్చేది.

ఆ వెంచర్ గేటు మీద ఇంగ్లీషులో ఏదో వ్యాలీ అని పెద్ద అక్షరాలు ఉండేవి. ఉన్న లోయను సగం పూడ్చి, ప్లాట్లు గీసి, గేటుకు లోయ పేరు పెట్టారు. పెట్టినవాడు ఎదురుపడితే నాలుగు కడిగేయాలని ఉండేది. ఎదురుపడేది మాత్రం కాపలా కాసే జంగయ్య ఒక్కడే. అతనిదేం తప్పు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి శివమ్మ గడప మీద కూర్చుని గొర్రెకు పిడుదులు ఏరుతోంది. మందంతా పోగా మిగిలిన ఒక్క గొర్రె అది. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద తెల్ల మచ్చ. అందుకని దాని పేరు బొల్లి. నేనింకా గేటు తీయనే లేదు, "రా బిడ్డా, నువ్వేనని బొల్లి చెప్పింది" అంది శివమ్మ.

"ఎట్ల చెప్పింది?"

"చెవులు జూడు. నా గొంతుకైతే తల ఎత్తి రెండు చెవులు తిప్పుతది. నీ చెప్పుల సప్పుడుకు ఒక్క చెవే తిప్పుతది. తెల్వనోళ్లు అయితే లేశి నిలవడ్తది. మా గొర్లకాడ చెవులే చూస్తం బిడ్డా, మొకం జూస్తే ఏం తెలుస్తది."

అంతలో ఒక విమానం చక్రాలు కనిపించేంత కిందుగా మా నెత్తి మీది నుంచి పోయింది. ఇద్దరం మాట ఆపేశాం. ఈ ఊళ్లో ఎవరైనా అంతే. విమానం వస్తే మాట మధ్యలో ఆపుతారు, అది పోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటారు. బొల్లి మాత్రం తల కూడా ఎత్తకుండా నెమరేస్తూ ఉంది.

"దీనికి భయం లేదా?" అన్నాను.

"పుట్టినకాంచి ఇంటున్నదాయె. విమానాన్ని అది లెక్కనే చెయ్యదు."

ముఖం ప్రసన్నంగా ఉంది కదా అని అప్పుడే అడిగేశాను. "అవ్వా, లొద్ది అంటే ఏంది?"

పిడుదులు ఏరే చెయ్యి ఆగిపోయింది. "ఎవలు చెప్పిండ్రు నీకా మాట?"

"పుస్తకంల ఉంది."

"ఏమని ఉంది?"

చెప్పాను. శివమ్మ నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి. "చెట్లున్న పల్లమంటనా? గట్లయితే మీ బడి ఎనక గుంత గుడ లొద్దే, రెండు తుమ్మచెట్లున్నయి" అంది. తర్వాత నవ్వు ఆపి, పిల్లకు నేర్పినట్టు వేళ్లు మడిచి చెప్పింది. "లొద్దికి రెండుండాలె. దిగినోడు గట్టు మీదోనికి కనవడొద్దు. పిలిస్తే ఇనవడాలె. కనవడితే అది ఉత్త పల్లం. ఇనవడకపోతే అది బొంద."

నేను నోటుబుక్కు తెచ్చుకునే లోపు ఆమె మిగతాది కూడా చెప్పేసింది. మళ్లీ చెప్పించుకుని రాసుకున్నాను.

శివమ్మ పదిహేడేళ్లకు ఈ ఊరి కోడలైంది. భర్త కుర్మయ్యకు ఎనభై గొర్రెలు, భుజం మీద గొంగడి, నోట్లో బీడీ, అంతకుమించి మాటలు లేవు. ఊరికి తూర్పున రెండు గుట్టల నడుమ లొద్ది. తునికి, మోదుగు, రేల చెట్లు పైన కలిసిపోయి, నడినెత్తి ఎండ కూడా నేలను తాకేది కాదు. అడుగున ఇసుకలో చెయ్యి పెట్టి తోడితే నీళ్లూరే చెలిమె ఉండేది. ఎండాకాలం మందలన్నీ అక్కడికే. అయితే చెట్ల కింద ఏముందో పైనుంచి కనపడదు. ఒకప్పుడు చిరుత తిరిగేదట, తర్వాత దాని భయం మాత్రమే తిరిగింది. అందుకని గొర్రెలు కాసేవాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు.

లొద్దిలోకి ఒంటరిగా ఎవరూ దిగరు. ఒకరు దిగుతారు, ఒకరు గట్టు మీద నిలబడతారు. దిగినవాడు బీడీ కాల్చినంత సేపటికి ఒకసారి "లొద్దీ" అని పిలుస్తాడు. గట్టు మీదివాడు "ఉన్న" అని పలుకుతాడు. పలుకు రాకపోతే దిగినవాడు అడుగు ముందుకు వేయడు. గట్టు మీదివాడు వాన వచ్చినా, పిడుగు పడ్డా ఆ చోటు వదలడు. వదిలితే పిలుపు వృథా పోతుంది కదా. దిగినవాడు పైకి వచ్చి "ఎక్కిన" అనాలి. ఆ మాట అన్నాకే గట్టు మీదివాడికి విడుదల.

"మా పెండ్లయిన నెలకే నన్ను గట్టు మీద నిలవెట్టిండు" అంది శివమ్మ. "నాకేమో భయమాయె. గొంతు పెగలలే. కింద పిలుస్తనే ఉన్నడు. ఆఖరుకు ఎట్లనో ఉన్న అన్న. ఎక్కొచ్చినంక తిడ్తడనుకున్న. నీ గొంతు మంచిగున్నది, దూరం పోతది అన్నడు. ఆయన నన్ను మెచ్చుకున్నది గా ఒక్కసారే."

యాభై ఏళ్లు ఆమె పని అదే. మిగతా మందలు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి, పొలాలు పోయాయి, విమానాశ్రయం వచ్చింది, గట్టు మీద నిలబడేవాళ్లు పనులు వెతుక్కుంటూ పోయారు. చివరికి కుర్మయ్య కిందా శివమ్మ పైనా మిగిలారు.

మాట మాత్రం లొద్ది దాటి ఊళ్లోకి వచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. "కొండమ్మ లొద్దిల ఉన్నదట" అని ఎవరైనా అంటే కొండమ్మ అడవికి పోయిందని కాదు. ఆమెకు కష్టమొచ్చింది, పోయి వాళ్ల గడప మీద కూర్చోండి అని. ఓదార్పు మాటలేవీ అక్కర్లేదు, పిలిస్తే పలికేంత దూరంలో ఉంటే చాలు. శివమ్మకు కూతురు కవిత పుట్టేటప్పుడు నొప్పులు ఒక పగలంతా పట్టాయి. తలుపు లోపలి నుంచి ఆమె "లొద్దీ" అని అరిచింది. మొగవాళ్లు ఆ దరిదాపుల్లో ఉండకూడని వేళ అది. మంత్రసాని ఎంత తరిమినా కుర్మయ్య గోడ అవతలే నిలబడి, పొద్దుగూకే దాకా "ఉన్న, ఉన్న" అంటూనే ఉన్నాడట. ఊరంతా నవ్విందట. ఇది చెప్పేటప్పుడు శివమ్మ ముఖంలో ఎంత గర్వం చూశానో చెప్పలేను.

నాకు ఈర్ష్య కలిగింది. నిజమే చెబుతున్నాను, అంత వయసు మనిషిని చూసి, మొగుడు పోయిన మనిషిని చూసి ఈర్ష్య పడ్డాను.

"మరి ఇప్పుడు రోజూ మూడు గంటలకు ఎవరికి పలుకుతున్నవు?" అని అడిగాను. అడిగే తీరు నాకు ఎప్పుడూ చేతకాదు.

ఆమె గొర్రె మెడ మీద చెయ్యేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. రెండేళ్ల కిందట, సీతాఫలాలు పండే రోజుల్లో, కుర్మయ్య బొల్లిని వెంటబెట్టుకుని లొద్దిలోకి దిగాడు. అప్పటికి వెంచరువాళ్లు ఒక పక్క నుంచి మట్టి పోయడం మొదలుపెట్టారు. మూడు గంటలప్పుడు అతను పిలిచాడు, ఈమె పలికింది. మళ్లీ పిలిచాడు, మళ్లీ పలికింది. ఆ తర్వాత విమానాలు వరసగా వచ్చాయి. మోతలో అతను పిలిస్తే తనకు వినపడదని, మోత ఉన్నంతసేపూ ఈమె "ఉన్న, ఉన్న" అంటూనే ఉంది. మూడు విమానాలు పోయాయి. మోత ఆగింది. పిలుపు రాలేదు.

"కునుకు తీసిండనుకున్న. గట్టు ఇడిసి దిగొద్దు గద. నిలవడ్డ. పలుకుకుంట నిలవడ్డ. పొద్దు వాలినంక ఇగ మనసాగక కట్టుబాటు ఇడిసిపెట్టి దిగిన. తునికిచెట్టుకు ఒరిగి కూసున్నడు. కుడిచెయ్యి బొల్లి మెడ మీదున్నది. అది కదలకుంట నిలవడ్డది. చెయ్యి సల్లగున్నది."

షాద్‌నగర్ దవాఖానలో డాక్టరు గుండె ఆగిందన్నాడు, నొప్పి తెలియకుండా పోయి ఉంటాడని కూడా అన్నాడు. షాద్‌నగర్‌లోనే ఉండే కవిత ప్రతి ఆదివారం వచ్చి తల్లికి అదే మాట చెబుతుంది. శివమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆమె అడిగేది గుండె సంగతి కాదు.

"ఆయనకు ఐదేండ్లకెల్లి చెవులు మందగించినయి. నేను ఇంట్ల పిలిస్తే గుడ ఒక్కోపారి తిరిగి చూడకపోతుండె. పైనుంచి విమానం మోత. నేనైతే పలికిన బిడ్డా. ఆయన ఇన్నడో లేదో తెల్వదు. ఇనకుంట పోయిండనుకో, గట్టు మీద నేను లేననుకొని పోయిండు. యాభై ఏండ్లు పలికిన ఆడిది ఆఖరు దినం పలకలేదనుకొని పోయిండు." ఆమె తూర్పు వైపు చూసింది. "ఎక్కిన అనలే ఆయన. అనకపోతే నేను గట్టు ఎట్ల ఇడుస్త?"

 కిటికీలోంచి చూసి మతి చలించిందనుకున్న మనిషి, తన డ్యూటీ ఇంకా దిగలేదంతే. నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది.

"దసరా ఎల్లినంక మిగిలింది గుడ పూడుస్తరంట, జంగయ్య చెప్పిండు" అంది. "నువ్వొకపారి దిగుతవా బిడ్డా? తునికిచెట్టు కాడ కూసొని, విమానం పోంగ నా గొంతు ఇనవడ్తదో లేదో చెప్తవా? కవితను అడిగితే ఏడుస్తది. ఊళ్లె అడిగితే నవ్వుతరు. పలికేది నేనే కావాలె, ఇంకొకలు దిగాలె."

రెండో శనివారం బడికి సెలవు. ముగ్గురం వెంచర్ గేటు దగ్గరికి వెళ్లాం, నేనూ శివమ్మా బొల్లీ. జంగయ్య ముఖం మాడ్చుకున్నాడు. "పాములుంటయమ్మా. మా సార్లకు తెలిస్తే నా నౌకరి పోతది."

"ఎంతసేపు జంగయ్యా," అంది శివమ్మ, "మూడు విమానాలు పొయ్యేంతసేపు."

అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు, గేటు తీసి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. చూడకపోతే తెలియనట్టే కదా.

లోపల ప్లాట్ల రాళ్లు, వాటికి పసుపు రంగు. అవి దాటాక ఒక్కసారిగా నేల తెగిపోయి, కింద చెట్ల తలలు కనిపించాయి. సగం పూడిన లొద్ది. రెండు తాటిచెట్ల లోతు ఉంటుంది. గట్టు మీద ఒక బండ, దాని మీద కాళ్లు పెట్టి పెట్టి నునుపెక్కిన చోటు. శివమ్మ చెప్పకుండానే అక్కడికి వెళ్లి నిలబడింది. రెండేళ్లుగా ఆమె కంచె బయటి నుంచే పలుకుతోంది, తన బండ మీదికి రావడం ఇదే.

"బొల్లిని తోలుకపో, దానికి తొవ్వ తెల్సు" అంది. నేను రెండడుగులు వేశాక వెనక నుంచి మళ్లీ పిలిచింది. "బిడ్డా. నువ్వు లేనిది నీ పుస్తకంల రాయవు గద. నాకు గుడ లేనిది చెప్పకు."

 నేను ఏం చెప్పాలో ముందు రోజే నిర్ణయించుకున్నాను. వినపడినా వినపడకపోయినా "మంచిగ ఇనవడ్డది అవ్వా" అని చెప్పేయడం. ముసలిమనిషి స్థిమితపడుతుంది, నా సొమ్మేం పోయింది అనుకున్నాను.

బొల్లి ముందు, నేను వెనక. కొమ్మలు తప్పించుకుంటూ, కూర్చుని జారుతూ ఎలాగో దిగాను. చెప్పులు ఒక చోట, చీర కొంగు ఒక చోట చిక్కుకున్నాయి. లొద్దిని కాదు, నన్ను నేనే తిట్టుకున్నాను. అడుగుకు చేరి తునికిచెట్టుకు ఆనుకుని తల ఎత్తి చూస్తే ఆకులే గానీ గట్టు లేదు, శివమ్మ లేదు. చల్లగా ఉంది. ఒక్కసారిగా భయమేసింది. పాముల భయం కాదు. ఇక్కడ నాకేమైనా అయితే ఎవరికీ తెలియదన్న భయం. నా గదిలో ఉన్నప్పుడు కూడా అంతేనని అప్పుడు గుర్తొచ్చింది.

"లొద్దీ" అన్నాను. పంతులమ్మ గొంతే అయినా పీలగా వచ్చింది.

"ఉన్న..."

పై నుంచి, ఆకుల మీది నుంచి, తేటగా వచ్చింది. కుర్మయ్య అన్నది నిజమే, దూరం పోయే గొంతు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆరేళ్లుగా నా పిలుపుకు ఎవరూ పలకలేదు. పలకడమంటే ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. ఇంకోసారి పిలిచాను, అవసరం లేకపోయినా పిలిచాను. మళ్లీ పలికింది.

అప్పుడు మొదటి విమానం వచ్చింది. లోయలో మోత పైకంటే ఎక్కువగా ఉంది. చెట్టు బెరడు నా వీపుకు అదిరింది. చెవుల వెనక అరచేతులు దొప్పలా పట్టి గట్టు వైపు తిరిగి విన్నాను. మోత తప్ప ఏమీ లేదు. చెలిమె దగ్గర గడ్డి కొరుకుతున్న బొల్లి మాత్రం తల ఎత్తి గట్టు వైపు చూసింది. నాకున్న కంగారులో దాన్ని పట్టించుకోలేదు.

రెండో విమానం. ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. బొల్లి మళ్లీ తల ఎత్తింది. ఈసారి సరిగ్గా చూశాను. రెండు చెవులూ గట్టు వైపు తిప్పి నిలబడింది. విమానం పోయాక మళ్లీ తల దించుకుంది. విమానాన్ని లెక్కనే చెయ్యదన్న గొర్రె ఎందుకు తల ఎత్తింది?

మూడో విమానం వచ్చేసరికి నేను వినడం మానేసి, కళ్లార్పకుండా బొల్లినే చూస్తూ కూర్చున్నాను. విమానం వచ్చింది, అదిరింది, పోయింది. బొల్లి తల ఎత్తలేదు.  ముందు రెండుసార్లు ఊరికే ఎత్తి ఉంటుందనుకున్నాను.

పైకి చేరేసరికి మోకాళ్లు దోక్కుపోయాయి. "ఎక్కిన" అన్నాను. శివమ్మ బండ దిగింది. నా ముఖమే చూస్తూ నిలబడింది. నాలుక చివర అబద్ధం సిద్ధంగా ఉంది. ఆ ముఖం చూశాక దాన్ని బయటికి తేలేకపోయాను.

"విమానం మోతలో నాకు ఇనవడలే అవ్వా."

ఆమె తల ఊపింది. "నిజం చెప్పినవు. మంచిది బిడ్డా" అని మెల్లగా గేటు వైపు తిరిగింది. ఆ నాలుగడుగుల్లోనే పదేళ్లు పైబడ్డ మనిషిలా నడిచింది. నేను చేసిన పనికి నన్ను నేను నరుక్కోవాలనిపించింది. అప్పుడు మనసులో ఒక అనుమానం తట్టింది.

"అవ్వా, ఆగు. మూడు విమానాలకూ పలికినవా?"

"రెండిటికి పలికిన. మూడోదానికి పొలమారింది బిడ్డా. దగ్గొచ్చి నోట్లకెల్లి మాట రాలే. అయినా ఏమాయె, ఆ రెండు గుడ ఇనవడలేదంటివి గద."

 ఆమె రెండు భుజాలూ పట్టుకుని చెప్పాను. తడబడుతూ, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. మొదటి విమానానికి బొల్లి తల ఎత్తిందని, రెండోదానికి ఎత్తిందని, మూడోదానికి ఎత్తలేదని. నువ్వు పలికినప్పుడు ఎత్తింది, పలకనప్పుడు ఎత్తలేదని.

"రెండు చెవులా?" అంది శివమ్మ.

"రెండు చెవులు."

"గట్టు దిక్కా?"

"గట్టు దిక్కే. నువ్వు నిలవడ్డ దిక్కే."

ఆమె ఉన్నచోటే కూలబడింది. బొల్లి వచ్చి ఆమె ఒడి వాసన చూసింది. దాని మెడ మీద చెయ్యేసి, చెవులు ఒక్కొక్కటీ నిమిరి చెప్పింది.

"ఐదేండ్లకెల్లి దీన్ని ఇడిసి దిగలే ఆయన. మంద గట్టు మీదున్నా, ఇది ఒక్కటి ఆయనతోని ఉండాలె. మెడ మీద చెయ్యేసుకొని కూసునేటోడు. నేను ఎగతాళి జేస్తుంటి. దానికే పుస్తె కట్టకపోయినవు అంటుంటి. ఒక్క మాట గుడ చెప్పలే చూసినవా. నా చెవులు పోయినయి శివమ్మా, దీని చెవులతోని ఇంటున్న అని చెప్పలే. చెప్తే నేను దిగనియ్యననుకున్నడో ఏమో." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెయ్యి మెడ మీదనే ఉండె బిడ్డా. నేను పొయ్యేసరికి మెడ మీదనే ఉండె."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గేటు దగ్గర జంగయ్య వెనక్కి తిరిగే నిలబడి ఉన్నాడు. నాలుగో విమానం వచ్చింది. దానికి ఎవరమూ మాట ఆపలేదు, ఎందుకంటే ఎవరమూ మాట్లాడటం లేదు.

సోమవారం మూడు గంటలకు పాఠం చెబుతూ కిటికీలోంచి చూశాను. కంచె దగ్గర ఎవరూ లేరు. మూడుంపావు అయింది. మూడున్నర అయింది. శివమ్మ రాలేదు. చేతిలో సుద్దముక్క విరిగింది. ఏ పాఠం చెప్పానో, ఎవరిని తిట్టానో గుర్తులేదు. చివరి గంట కొట్టీ కొట్టకముందే సంచీ కూడా తీసుకోకుండా ఇంటికి పరుగెత్తాను. దారంతా తునికిచెట్టుకు ఒరిగిన మనిషే కళ్లముందు కనిపించాడు.

శివమ్మ గడప మీద కూర్చుని ఉంది. పక్కన బొల్లి. ఏరడానికి పిడుదులు కూడా లేవు, ఊరికే దాని వీపు మీద చెయ్యి ఉంచింది.

"ఇయ్యాల పోలేదా అవ్వా?" అన్నాను. ఆయాసంతో మాట సరిగా రాలేదు.

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఎందుకు బిడ్డా? ఆయన ఎక్కిండు గద."

తర్వాత వీధి వైపు, ఎండ వైపు, ఇంకా చాలా మిగిలి ఉన్న పగటి వైపు చూసి, "ఇగ నాకే పొద్దు పోతలేదు" అంది.

నేను చెప్పులు విప్పి, ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను.